నీళ్ల మీద తేలిన ముగ్గురాయి

బోల్టు సీలు మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనని చూసుకున్నాక గానీ కట్టర్ పట్టుకున్న కుర్రాడు కదలడు. టప్పుమని సీలు తెగుతుంది. ఇనప తలుపు కిర్రుమంటూ తెరుచుకుంటుంది. చెన్నైకి ఉత్తరాన, మణలి రోడ్డు మీద కంటైనర్ యార్డు ఇది. పొద్దున తొమ్మిదిన్నరకే రేకు మీద చెయ్యి ఆనడం లేదు. లోపలికి తొంగిచూసిన కొత్తవాళ్లు ఎవరైనా అనేదే మీరూ అంటారు: "ఇదేంటి, సగం కూడా నింపలేదు?"

అంతకన్నా నింపితే బండి రోడ్డెక్కకూడదు. కింద ఒకే పొరగా జంబో బ్యాగులు, పైనంతా ఖాళీ. ఒక పాత్రలో పట్టే నీళ్లు కిలో తూగితే, అంతే చోటులో ముగ్గురాయి నాలుగు కిలోలు దాటుతుంది. పిండి చేసి సంచుల్లో పోసినా ఆ బరువు ఎక్కడికీ పోదు. ఇరవై అడుగుల పెట్టె సగానికి రాకముందే మోయగల టన్నులు అయిపోతాయి. అసలు ఈ బరువు కోసమే ఈ రాయి సముద్రాలు దాటుతోంది. చమురు బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద ద్రవంలో దీన్ని కలుపుతారు. కింద నుంచి గ్యాసు తన్నుకురాకుండా ఆ బురద బరువే అణిచిపెడుతుంది. ఓబులవారిపల్లె మండలం మంగంపేట గని నుంచి బూడిద రంగు రాయి దశాబ్దాలుగా దేశదేశాలకు పోతున్నది ముఖ్యంగా ఆ పనికే.

ఈ పెట్టెలో ఉన్నది మాత్రం ఆ బూడిద సరుకు కాదు. పులివెందుల, వేంపల్లె వైపు సిరల్లో దొరికే తెల్లరాయి. రైల్వే కోడూరు దగ్గర మిల్లులో మైదాపిండికన్నా మెత్తగా ఆడించారు. రంగుల కంపెనీలకి, ప్లాస్టిక్ కంపెనీలకి పోయే రకం. ఎంత తెల్లగా ఉంటే అంత రేటు. ఇవాళ తనిఖీలో మొదటి అనుమానం కూడా ఆ తెలుపు మీదే వచ్చింది.

మీ పక్కన నిలబడ్డ పెద్దాయన కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో సీనియర్ క్లర్కు. గూడూరు దగ్గర పల్లె. ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నా, కోపమొస్తే నెల్లూరు మాటే వస్తుంది. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆయన 'అన్న'. ఎదురుగా తనిఖీ అధికారి. చిన్న వయసు, కెమిస్ట్రీ చదివిన అమ్మాయి, చేతిలో షిప్పింగ్ బిల్లు.

"2511 10 20 వేశారు, అంటే సహజ బేరియం సల్ఫేట్, పొడి. ఇది తవ్విన రాయి పొడేనా, ఫ్యాక్టరీలో తయారుచేసిన బేరియం సల్ఫేటా? తయారుచేసిందైతే 2833 27 కదా?"

"రాయేనండీ మేడమ్. మిల్లులో ఆడించిందే. పర్మిట్లున్నాయి."

"సరే. మరి బయ్యరు పర్చేజ్ ఆర్డర్‌లో ఒక చోట 'కోటెడ్ గ్రేడ్' అని ఉంది. అదేంటి?"

అన్న జవాబు చెప్పడు. చెప్పకపోవడమే మంచిదని ఆయనకు తెలుసు. ఆ మాట ఆయన కంట ఇప్పుడే పడింది.

తలుపు దగ్గరి సంచి ఒకటి, లోపలి వరసలోది ఒకటి అధికారి వేలితో చూపిస్తుంది. సంచి నోరు విప్పుతారు. మీరు చెయ్యి పెట్టి గుప్పెడు పిండి తీసుకుంటే మణికట్టు కిందికి జారుతుంది. కన్ను చూసిన దానికీ చేతికి తెలిసిన దానికీ పొంతన కుదరదు. రెండు సంచుల పిండీ చూపుకు ఒక్కటే, స్పర్శకూ ఒక్కటే. నమూనాలు ప్యాకెట్లలో పోసి, దారం కట్టి, లక్క కరిగించి ముద్ర వేస్తారు. ఒకటి ల్యాబుకు, ఒకటి డిపార్ట్‌మెంటు దగ్గర, ఒకటి పార్టీకి. టెస్ట్ మెమోలో ఆమె రెండే ప్రశ్నలు రాస్తుంది: సహజమా, అవక్షేపించినదా? సేంద్రియ పదార్థం పూత ఉందా?

ఈ సందడిలో నేల మీద రాలిన పిండిని అన్న పాత బిల్లు కాగితాల్లో రెండు పొట్లాలు కట్టి చొక్కా జేబులో వేసుకుంటాడు. కుడి జేబులో తలుపు దగ్గరి సంచిది, ఎడమ జేబులో లోపలిది.

*

ఆఫీసు తంబుచెట్టి వీధిలో, మేడ మీద. కిందంతా స్టేషనరీ దుకాణాలు, టీ కొట్లు, ఫైళ్లు చంకలో పెట్టుకుని రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్ వైపు పరుగెత్తే కుర్రాళ్లు. కడప, నెల్లూరు, ఒంగోలు రాళ్లకు ఈ వీధులతో పాత చుట్టరికం. కోడూరు ముగ్గురాయి, గూడూరు అభ్రకం, చీమకుర్తి గెలాక్సీ దిమ్మలు ఇక్కడి కాగితాల మీదుగా చాలానే ఓడలెక్కాయి. అన్న బల్ల మీద హార్లిక్స్ సీసాల్లో వాటి ముక్కలన్నీ ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లలకు ఆయన టారిఫ్ పుస్తకం ముందు ఇవ్వడు, సీసాలు ఇస్తాడు.

ఫోను మోగుతుంది. కోడూరు మిల్లు ఓనరు.

"ఏందన్నా, ఇంగా కాలేదా? రేపు రాత్రి కటాఫ్ గదా!"

"శాంపిల్ తీసినారు. టెస్టుకి పోతాంది."

"రాయికి టెస్టేందన్నా! రాయి రాయే గదా!"

అన్న ఫోను పెట్టేసి మీ వైపు తిరుగుతాడు. "అందరూ ఇదే మాట. రాయి రాయేనంట. అది ఏం రాయో ఎవరికి కావాలి అబ్బయ్యా? దాన్ని ఏం చేశారన్నది కావాలి."

పుస్తకం 25వ చాప్టర్ దగ్గర తెరుచుకుంటుంది. ఆ పేజీ అంచులు నలిగి మెత్తబడ్డాయి. మొదటి నోటులో మొదటి వాక్యం ఊపిరి తిప్పుకోకుండా సాగుతుంది. ఖనిజాన్ని తవ్వినది తవ్వినట్టు తెచ్చినా సరే. కడిగినా, పగలగొట్టినా, నూరినా, జల్లించినా, నీళ్లలో తేర్చినా, నురుగులో తేల్చి శుద్ధి చేసినా, అయస్కాంతంతో ఏరినా ఈ చాప్టర్లోనే ఉంటుంది. రసాయనంతో కడిగినా పర్వాలేదు, మలినం పోవాలే గానీ రాతి నిర్మాణం మారకూడదు. కాల్చినా, బట్టీ పెట్టినా, మరొకదానితో కలిపినా బయటికి పోతుంది. కస్టమ్స్ ప్రపంచమంతా ఖనిజాల దగ్గర పాటించే గీత ఇది. హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కోడ్‌లో మొదటి ఆరు అంకెలు చెన్నైలో ఏవో, సరుకు దిగే రేవులోనూ అవే. చివరి రెండు మన దేశం తగిలించుకున్నవి. కాబట్టి ఇక్కడ తప్పు కోడ్ దాటిపోయినా అవతల బయ్యరు మెడకు చుట్టుకుంటుంది.

అయితే ఆ నోటులోనే 'సందర్భం వేరుగా కోరితే తప్ప' అని ఒక మెలిక ఉంది. తగాదాలు చాలావరకు ఆ మెలిక దగ్గరే పుడతాయి. చైనామట్టి కాల్చినా కాల్చకున్నా 2507లోనే ఉంటుంది, ఎందుకంటే ఆ హెడింగ్ స్వయంగా 'కాల్చినదైనా' అంటుంది. డోలమైటూ అంతే, 2518. సేలం వైపు మాగ్నసైటును బట్టీలో మాడ్చి కొలిమి ఇటుకలకు పనికొచ్చే మాగ్నీషియా చేస్తారు. అది అంత నిప్పు చూసి కూడా 2519 దాటి పోదు, పేరు అక్కడే రాసి ఉంది గనక. నిప్పు తగిలితే బయటికి అని బట్టీపట్టిన పిల్లాడు మొదటి వారంలోనే ఇక్కడ బోల్తాపడతాడు.

సీసాలు చూడండి. అభ్రకం రేకు: గని నుంచి వచ్చి, పొరలుగా విడదీసి, అంచులు కత్తిరించినంతవరకు 2525. ఒక పరికరానికి సరిపోయే ఆకారంలో పంచ్ కొడితే ఒక్కసారిగా 6814కి, అంటే రాతితో చేసిన వస్తువుల చాప్టర్‌కి ఎగిరిపోతుంది. గెలాక్సీ ముక్క: దిమ్మగానో, రంపంతో కోసిన దీర్ఘచతురస్రపు పలకగానో పోతే 2516. అద్దంలా పాలిష్ పట్టారా, 68వ చాప్టర్. పైగా ఆ నల్లరాయి భూగర్భ శాస్త్రం లెక్కన గ్రానైటే కాదు, గాబ్రో జాతి. వ్యాపారం దాన్ని గ్రానైట్ అంటుంది. హెడింగ్ 'ఇతర కట్టడపు రాళ్లు' అని చోటు వదిలింది కాబట్టి శాస్త్రానికీ సంతకీ ఇక్కడ గొడవ రాలేదు. బేతంచెర్ల నాపరాయిది ఇంకో తిరకాసు. సున్నపుజాతి కట్టడపు రాయి కాబట్టి పాలరాయితో పాటు 2515లో కూర్చోవాలంటే దాని దృశ్య సాంద్రత 2.5 ఉండాలి. తక్కువైతే పక్క గదికి, 2516కి.

అన్న ఒక సీసా వంచి మీ అరచేతిలో కాస్త ఇసుక పోస్తాడు. నల్లగా, బరువుగా, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో. భీమిలి ఒడ్డుది. "దీన్ని ఏ నంబరు కింద పంపుతావు?" అని ఆయన అడిగితే తొందరపడి చెప్పకండి. ఆ చిటికెడు ఇసుకను అయస్కాంతం మీదుగా, విద్యుత్తు క్షేత్రం మీదుగా పంపి ఏరితే నల్లది ఇల్మనైట్, అది 2614. దాని తోడు రూటైల్ కూడా 2614. జిర్కాన్ 2615. ఎర్ర గోమేదికం 2513. సిల్లిమనైట్ 2508. థోరియం మోసే మోనజైట్ 2612. ఒకే అల తెచ్చి పడేసిన గింజలు రెండు చాప్టర్లలో, అయిదు హెడింగుల్లోకి చెదిరిపోతాయి. లోహం తీసే పరిశ్రమ వాడే ఖనిజమైతే 26, కాకపోతే 25. మీ కొనుగోలుదారు దాన్ని లోహం కోసం కాక రంగు కోసం కొన్నా ఫర్వాలేదు, ఖనిజ జాతి ఏదన్నదే లెక్క. ఈ సీసా ఇప్పుడు పాఠానికే. 2018 నుంచి బీచ్ ఇసుక ఖనిజాల ఎగుమతి ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ గుండానే నడవాలి.

ఇందులో ఒక వింత ఉంది, అధికారులెవరూ దీన్ని వింతగా చూడరు. ముగ్గురాయి, అభ్రకం, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ మన గనుల చట్టం ప్రకారం 2015 ఫిబ్రవరిలో చిన్న ఖనిజాలయ్యాయి. 2025 ఫిబ్రవరిలో మళ్లీ పెద్ద ఖనిజాలయ్యాయి. పర్మిట్లు, లీజులు, ఆఫీసులు తలకిందులయ్యాయి. షిప్పింగ్ బిల్లులో 2511 మాత్రం అక్కడే ఉంది. గని దగ్గర రాయి ఎవరిదన్న ప్రశ్న, రేవు దగ్గర రాయి ఏ స్థితిలో ఉందన్న ప్రశ్న ఎప్పుడూ కలుసుకోలేదు.

*

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ అన్న తాను విశాఖ రేవులో పనిచేసిన రోజులు తలుచుకుంటాడు. ఆ కథల్లో ఇనుప ఖనిజానిదే పెద్దపీట. ఎందుకంటే అక్కడ వర్గీకరణ అంటే డబ్బు, అది కూడా కోట్లలో. ముగ్గురాయి కోడ్ మారితే రాయితీలో తేడా వస్తుంది, చీవాట్లు వస్తాయి. ఇనుప ఖనిజంలో ఇనుము 58 శాతానికి చేరితే 30 శాతం ఎగుమతి సుంకం. దానికి తగ్గితే సున్నా. 2022 మే నుంచి నవంబరు దాకా ఏ గ్రేడైనా 50 శాతం కట్టమన్నారు, మళ్లీ పాత పద్ధతికే వచ్చారు.

"58 అంటే దేంట్లో 58?" అంటూ ఆయన వేలితో బల్ల మీద గీస్తాడు. ల్యాబువాళ్లు నమూనాను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, తేమంతా పోయాక ఇనుము కొలుస్తారు. 60 వచ్చిందనుకోండి. కానీ ఓడలోకి పోసింది ఎండిన మట్టి కాదు. వానకు తడిసిన కుప్ప, వందకి ఎనిమిది పాళ్లు నీళ్లే. అరవైని 0.92తో హెచ్చిస్తే 55.2. ఎండినదాని లెక్కన సుంకం, తడిసినదాని లెక్కన సున్నా. మధ్యలో ఉన్నది వట్టి వాన నీళ్లు. గోవా ఎగుమతిదారు ఒకరి కేసులో 1990ల్లోనే సుప్రీంకోర్టు తేమతో ఉన్న స్థితిలోనే ఇనుము శాతం లెక్కించాలంది. 2012లో కస్టమ్స్ బోర్డు సర్క్యులర్ ఇచ్చి అదే లెక్క పాటించమంది. ఈలోగా రేవుల్లో తేమ సర్టిఫికెట్ మీద జరిగినన్ని వాదనలు ఇనుము మీద జరగలేదు. ఆ వాదనలు నాకు హాస్యంగా అనిపించవు. సరుకు ఏ స్థితిలో గేటు ముందుకు వచ్చిందో ఆ స్థితిలోనే చూడాలన్నది కస్టమ్స్ మొండి సూత్రం, అందులో న్యాయం ఉంది. ఎండితే ఏమవుతుంది, కాలిస్తే ఏమవుతుంది అని ఊహించడం మొదలుపెడితే అంతుండదు.

భోజనమయ్యాక అన్న జేబులోంచి పొట్లాలు తీస్తాడు. టీ కొట్టు కుర్రాడి దగ్గర రెండు గాజు గ్లాసులు అడిగి, నీళ్లు నింపి, ఫ్యాను ఆపేస్తాడు. కుడి జేబు పొట్లం ముందు. చిటికెడు పిండి నీళ్ల మీద వదలగానే పాల తెర వేలాడినట్టు కిందికి దిగిపోతుంది, అడుగున తెల్లగా పేరుకుంటుంది. నీళ్లకు నాలుగు రెట్ల బరువున్నది మరెట్లా పోతుంది?

ఎడమ జేబుది రెండో గ్లాసులో. పిండి నీటి మీద వాలి అక్కడే ఉండిపోతుంది. పొడి పొరలా. స్పూనుతో తిప్పితే ముద్దలు ముద్దలుగా చుట్టుకుని మళ్లీ పైకే వస్తుంది. వేలు ముంచి తీస్తే వేలికి తెల్లటి తొడుగు అంటుకుంటుంది, కింది చర్మం తడవదు. మునగవలసిన రాయి తేలిందంటే దాని ప్రతి రేణువుకీ నీళ్లు గిట్టని తోలు ఎవరో తొడిగారు. స్టియరిక్ ఆమ్లం, కొవ్వు జాతిది. ప్లాస్టిక్‌లో ఉండ కట్టకుండా కలిసిపోవడానికి పూస్తారు.

ఈసారి ఫోను అన్న చేస్తాడు.

"లోపలి వరసలో కోటింగ్ సంచులు ఎన్ని పెట్టినావు?"

అవతల కాసేపు మాట లేదు. "నాలుగన్నా. బయ్యరు ట్రయల్‌కి అడిగినాడు. పెట్టెలో చోటుండె, ఆ బిల్లులోనే కలిపేసినాం. అదీ ముగ్గురాయే గదా."

"నూరింది ముగ్గురాయి. పూసింది కాదు."

"దుమ్ము లేయకుండా కలిపినామని రాద్దామన్నా. దానికి ఒప్పుకుంటారంట గదా?"

మనిషి చురుకైనవాడే. 25వ చాప్టర్ నోటులో నిజంగానే ఆ వెసులుబాటు ఉంది. దుమ్ము అణిచే పదార్థం కాస్త కలపవచ్చు, కానీ దానివల్ల సరుకు మామూలు వాడకానికి కాకుండా ఏదో ఒక ప్రత్యేక వాడకానికి తగినదిగా మారకూడదు. ఇక్కడ పూత పూసిందే ప్లాస్టిక్ కోసం, పర్చేజ్ ఆర్డర్‌లో ఆ ముక్క రాసే ఉంది. పైగా స్టియరిక్ ఆమ్లం పూసిన కాల్షియం కార్బొనేట్ పొడిని హెచ్‌ఎస్ వివరణ నోట్లు ఎప్పుడో 3824కి పంపేశాయి. ముగ్గురాయికి వేరే తర్కం చెప్పి నిలబెట్టడం కష్టం. అన్న ఇదంతా ఫోనులో చెప్పడు. "ఆ మాట నా చేత రాయించమాక," అని మాత్రం అంటాడు.

ఇక చేయాల్సిన పని మిగిలింది. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఆగి, అందులో పూత అని తేలాక తల గోక్కుంటే అది తప్పుడు డిక్లరేషన్. కస్టమ్స్ చట్టం 113వ సెక్షన్ సరుకు మీదికి వస్తుంది, 114 మనిషి మీదికి. ఇప్పుడే మనంతట మనం చెబితే 149 కింద బిల్లు సవరణకు అడగవచ్చు. దానికి ముందునుంచీ ఉన్న కాగితం ఆధారం ఉంటే మంచిది. ఉంది. అధికారి వేలు పెట్టి చూపించిన ఆ పర్చేజ్ ఆర్డరే. మిల్లు ప్యాకింగ్ లిస్టు తెప్పిస్తారు. దానిలో ఆ నాలుగు సంచుల నంబర్లు విడిగా రాసే ఉన్నాయి, ఇన్వాయిస్ టైపు చేసినవాడే కలిపేశాడు. అన్న ఉత్తరం తానే టైపు చేస్తాడు, రెండు వేళ్లతో. మొదటి లైను 2511 10 20, ఇన్ని సంచులు. రెండో లైను 3824, నాలుగు సంచులు, పరీక్ష ఫలితానికి లోబడి.

సాయంత్రం కస్టమ్ హౌస్ మెట్లెక్కి ఆ ఉత్తరం బల్ల మీద పెడితే అధికారి చదివి, తలెత్తి ఒక్కటే అడుగుతుంది: "మీకెలా తెలిసింది?"

"నీళ్లలో వేశానండీ."

ఆమె నవ్వు ఆపుకుంటుంది. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా లెట్ ఎక్స్‌పోర్ట్ అనుమతి ఇవ్వనని చెప్పి, ఉత్తరం మీద తేదీ ముద్ర వేయిస్తుంది. ఆ ముద్ర కోసమే ఇంత పరుగూ. ఆ నాలుగు సంచులూ దించేసి మిగతావి పంపుకుంటారా అని కూడా అడుగుతుంది. అన్న లెక్క వేసుకుంటాడు. పెట్టె మళ్లీ తెరవాలి, కూలీలు, ఫోర్క్‌లిఫ్టు, కొత్త సీలు, కొత్త బరువు సర్టిఫికెట్. ఆగడమే చవక.

బయటికొచ్చాక కోడూరుకి ఆఖరి ఫోను. ఓనరు గొంతులో ఇప్పుడు కోపం లేదు, లెక్క ఉంది.

"ఈ ఓడ పాయె గదన్నా?"

"పాయె. వచ్చేవారం ఇంకోటుంది. రేపు పొద్దున ఆ కోటింగ్ మందు టెక్నికల్ షీటు పంపించు. ఎంత శాతం పూసినారో అందులో ఉండాల. బయ్యరుకి కూడా నువ్వే చెప్పు, రెండు కోడ్లు వస్తాయని. ఆయన అక్కడ బిల్ ఆఫ్ ఎంట్రీ వేసుకునే ముందే."

"పావు శాతం కూడా ఉండదన్నా!"

"ఎంతుంటే అంత రాయించు," అని అన్న టీ కొట్టు వైపు నడుస్తాడు. రెండు గ్లాసులు ఇంకా వాపసు ఇవ్వలేదు, కుర్రాడు మధ్యాహ్నం నుంచి అడుగుతున్నాడు.